నాయుడుగారి నాలుగు తీగలు

కచేరీ ముగిసిన వెంటనే రెండవ కచేరీ ఒకటి మొదలవుతుంది. అది వేదిక మీద జరగదు. సభామందిరం మెట్ల మీద, కాఫీహోటలు బల్లల దగ్గర, ఇంటిదారిలో జరుగుతుంది. ఎవరి పాట ఎక్కువ, ఎవరి వాద్యం తక్కువ అని రసికులు వాదులాడుకొంటారు. ఈ శతాబ్దికి ముందటి శతాబ్దిలో, 1930 మొదలు 1960 దాకా, దక్షిణదేశంలో ఇటువంటి వాదాలు ఫిడేలును గూర్చి విస్తారంగా సాగాయి. అప్పటి ఫిడేలు విద్వాంసులలో ముగ్గురి పేర్లు ఒకే వరుసలో వినబడేవి. ఒకరు మైసూరు చౌడయ్య, ఒకరు కుంభకోణం రాజమాణిక్కం పిళ్ళై, మూడవవారు మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ముగ్గురికీ అభిమానులున్నారు. ముగ్గురి అభిమానులకూ ఒకరంటే ఒకరికి పడేది కాదు.

అందులో చౌడయ్య అభిమానుల పని సులువు. వారి విద్వాంసుని నాదం మందిరం చివరి వరుసకు గంటవలె వినబడేది. నాయుడుగారి అభిమానుల పని అంత సులువు కాదు. వారి విద్వాంసుడు ఏమి చేశాడో చెప్పడం కంటె, చేయగలిగి ఉండికూడా ఏమి చేయక విడిచిపెట్టాడో చెప్పవలసి వచ్చేది. చేసినదానిని వేలు పెట్టి చూపవచ్చు. విడిచిపెట్టినదానిని చూపడం ఎట్లా? ఈ చిక్కు వల్లనే నాయుడుగారిని గూర్చిన వాదం ఎన్నడూ పూర్తిగా తెగలేదు. ఆయన జీవితాన్ని ఒకసారి మొదటినుండి చూస్తే, ఆ మితం ఎక్కడ పుట్టిందో కొంత బోధపడుతుంది.

వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి మానవాళరావుగారు సైన్యంలో ఉద్యోగం చేసినవారు. ఉద్యోగవిరమణ తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. పిల్లవాడు పెరిగింది అక్కడనే. సముద్రపుటొడ్డున పెరిగిన ఆ బాలునికి సముద్రాన్ని చూడడం కంటె వినడమే ఎక్కువగా ప్రాప్తించింది. చిన్ననాటనే అతని చూపు బలహీనమైనది. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు, పుస్తకంలోని అచ్చు అతనికి శత్రువులైనాయి. చదువు చాలదూరం సాగలేదు.

బడిలో వెనుకబడిన పిల్లవానిని గూర్చి లోకం తొందరగా తీర్పు చెబుతుంది. ఈ పిల్లవాని విషయంలో ఆ తీర్పు అమలు జరగకుండా కాపాడినవాడు అన్నగారు వెంకటకృష్ణయ్య. ఆయన ఫిడేలు వాయించేవాడు. తమ్మునికి తొలి గురువు ఆయనే. కన్ను మూసినా పని ఆగని విద్య ఒకటి ఇంట్లోనే దొరికింది. ఫిడేలుకు వీణకు వలె మెట్లు లేవు. వేలు ఏ చోట పడాలో చూచి తెలుసుకొనేది కాదు, చెవితో తెలుసుకొనేది. వెంట్రుకవాసి అటుయిటైనా స్వరం పలచబడుతుంది. మెట్లు లేని ఆ పలక మీద బాలుడు చూపుకు బదులుగా చెవిని నాటుకొన్నాడు. తరువాతి కాలంలో ఆయన శ్రుతిశుద్ధిని గూర్చి ప్రతిపక్షులు కూడా తల ఊపవలసి వచ్చిందంటే, దాని మూలం ఈ బాల్యంలోనే ఉన్నది.

ఆ వాద్యం చరిత్రను కూడా ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఫిడేలు మన దేశంలో పుట్టినది కాదు. పడమటి దేశాల నుండి ఓడలలో దిగినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, తంజావూరు సోదరులలో ఒకడైన వడివేలు వంటివారు పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో దానిని మన సంగీతానికి మలిచారు. దొరలు నిలుచుండి గడ్డం క్రింద పెట్టుకొని వాయించిన వాద్యాన్ని మనవారు నేలపై కూర్చుండి, దాని తలను పాదం మీద ఆనించి వాయించారు. తీగల శ్రుతి కూడా మార్చారు. మంద్రషడ్జం, మంద్రపంచమం, మధ్యషడ్జం, మధ్యపంచమం అని నాలుగు తీగలను గాత్రానికి అనువుగా కట్టుకొన్నారు. గొంతు ఎక్కడికి పోతే అక్కడికి పోగల వాద్యం కనుక, గాయకునికి అది నీడవలె తోడైనది.

నీడకు గౌరవం ఎంత ఉంటుంది? పక్కవాద్యం అన్న మాటలోనే దాని స్థానం తెలుస్తున్నది. నల్లగొండ నుండి మిర్యాలగూడకు పోయే దారిలో మాడుగులపల్లి వంటి ఊళ్ళు ఎన్నో ఉన్నవి. సంగీత సభలు, సభామందిరాలు పట్టణాల వైభవం. ఇటువంటి పల్లెలకు ఫిడేలు హరిదాసు వెంటనే వచ్చేది. కథ దాసుగారిది, చిడతలు దాసుగారివి, చప్పట్లు దాసుగారివి. ఒక ప్రక్కన కూర్చుండి ఫిడేలు వాయించినవాని పేరు మరునాటికి ఎవరికి గుర్తు? పట్టణపు సభలలోను ఈ పద్ధతి చాలవరకు ఇంతే. ఇట్టి వాద్యాన్ని చేతబట్టినవాడు మనస్సులో ముందుగా వినయం నేర్చుకోవాలి. లేదా ఎప్పుడెప్పుడు తన వంతు వస్తుందా అని ఆరాటపడాలి. నాయుడుగారు మొదటి దారిని ఎన్నుకొన్నారు.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతి ఒక సంగీత కళాశాలను స్థాపించారు. తమ ఆస్థానోద్యోగి ఒకరి కుమారుడు చూపు లేనివాడనీ, ఆ బాలునికి సంగీతం చెప్పించే తలంపే ఆ కళాశాలకు బీజమైనదనీ చెబుతారు. తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ సంవత్సరమే, ఇరువదియారేళ్ళ ప్రాయంలో, చూపు మందగించిన ఈ విశాఖపట్నం యువకుడు ఆ కళాశాల గుమ్మం ఎక్కాడు. విద్యార్థిగా చేరడానికి వచ్చినవానిని, అతని వాద్యం విన్న తరువాత, ఆచార్యునిగా నియమించారని ఆంధ్రదేశమంతటా చెప్పుకొనే కథ. కథలోని వివరాలు ఎట్లున్నా, ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులైన మాట చరిత్ర. బడి చదువు సాగని వానికి ఒక కళాశాల బోధనాపీఠం లభించింది.

విజయనగరంలో నాయుడుగారికి ఎదురుగా నిలిచిన మూర్తి నారాయణదాసుగారు. ఇద్దరి స్వభావాలలోని భేదం విచిత్రమైనది. దాసుగారిది మేఘగర్జన వంటి కంఠం. కాళ్ళతో, చేతులతో, తలతో వేర్వేరు తాళాలను ఏకకాలంలో నడిపిన లయబ్రహ్మ ఆయన. వేలమందిని తన వైపు లాగుకొనే శక్తి అది. నాయుడుగారిది కన్నులు మూసుకొని, కమానును తీగ మీద ఆనించి, వినేవాడే తన వద్దకు రావాలని ఊరుకొనే స్వభావం. గర్జనకు, గుసగుసకు ఒకే కప్పు క్రింద చోటు దొరికింది. ఒక విద్యాలయానికి ఇంతకంటె గౌరవమేముంటుంది? పదునేడేండ్ల తరువాత, 1936లో, దాసుగారి అనంతరం అధ్యక్షపదవి నాయుడుగారికే వచ్చింది.

ఈ పదునేడేండ్లలో ఆయన చేసిన సాధన ముఖ్యంగా కుడిచేతిది. ఎడమచేతి వ్రేళ్ళు స్వరాన్ని ఎన్నుకొంటాయి, కుడిచేతిలోని కమాను దానికి ప్రాణం పోస్తుంది. కమానును ఎంత వేగంగా లాగాలి, తీగపై ఎంత బరువు మోపాలి, గుర్రానికి ఎంత చేరువగా నడపాలి అన్న మూడు విషయాల మీద నాదమంతా ఆధారపడి ఉన్నది. బరువు పెంచితే ధ్వని పెరుగుతుంది, కాని ఒక హద్దు దాటితే తీగ కీచుమంటుంది. బరువు తగ్గించి నాదం చెడకుండా నిలపడం అంతకంటె కష్టం. చేయి ఏమాత్రం వణికినా ఆ వణకు బయటపడుతుంది. గట్టిగా వాయించేవానికి తప్పును కప్పుకోవడానికి చోటుంటుంది. మెల్లగా వాయించేవానికి ఆ చాటు లేదు.

కమాను విద్యలో పాశ్చాత్యులు రెండు మూడు శతాబ్దాలపాటు చేసిన కృషిని నాయుడుగారు శ్రద్ధగా గమనించారు. వారి సంగీతాన్ని విన్నారు, వారి కమాను పద్ధతులను పరిశీలించారు. దీర్ఘంగా, తెంపులేకుండా, ఒక కమానులో ఒక పూర్తి భావాన్ని పలికించే నేర్పు అలవరచుకొన్నారు. కాని తెచ్చినది పనిముట్టు మాత్రమే. పలికించినది త్యాగరాజస్వామి కృతులను, మన రాగాలనే. ఓడ దిగి వచ్చిన వాద్యానికి దాని పుట్టింటి విద్య కొంత ఇప్పించి, మెట్టినింటి భాష మాట్లాడించారన్నమాట. నాదం ఒకచోట నిండుగా ఉబికి, మరొకచోట దారంలా సన్నబడి, ఆగిపోయిందా అనిపించి మరల వెలిగేది. కర్ణాటక ఫిడేలులో ధ్వని హెచ్చుతగ్గులను ఇంత భావయుక్తంగా వాడినవారు ఆయనకు ముందు అరుదు.

ఇదే వాదానికి మొదటి కారణమైనది. ఆ రోజులలో ధ్వనివర్ధక యంత్రాలు అంతటా లేవు. పందిళ్ళలో, గుడి మండపాలలో, పెళ్ళివారి ముంగిళ్ళలో వందలమంది కూర్చుండేవారు. ఫిడేలు శబ్దం వెనుక వరుసలకు చేరేది కాదు. ఈ కష్టానికి మైసూరులో చౌడయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. మూడు తీగలకు జోడుగా మరి మూడు తీగలను చేర్చి ఏడుతీగల ఫిడేలు చేయించుకొన్నాడు. ఒక్క కమాను దెబ్బకు రెండు స్థాయిలు కలిసి పలికేవి. మందిరం నిండేది. అది నిజమైన అవసరానికి నిజమైన సమాధానం. దానిని ఆడంబరమని తీసివేయడం న్యాయం కాదు. ఆ నాదగాంభీర్యానికి గుర్తుగా బెంగుళూరులో ఫిడేలు ఆకారంలో ఒక సభాభవనమే వెలసింది.

నాయుడుగారు నాలుగు తీగలతోనే ఉండిపోయారు. చౌడయ్యగారి పక్షం వారి వాదం బలమైనదే. సంగీతం పదిమందికోసం ఉన్నది, పదకొండవవానికి వినబడని సంగీతం ఎంత మధురమైనా ఏమి లాభం అని వారడిగేవారు. ఎంతో దూరం నడిచివచ్చి వెనుక వరుసలో కూర్చున్నవాడు చేసిన పాపమేమి? ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. నాయుడుగారి అభిమానులు దీనికి మరొక విధంగా సమాధానం చెప్పేవారు. జోడు తీగలు మోగినప్పుడు ధ్వని పెరిగే మాట నిజమే గాని, సన్నని గమకం అంచు మొద్దుబారుతుందనీ, వంద అడుగుల దూరానికి చేరడం కోసం అడుగు దూరంలో ఉన్న సున్నితాన్ని బలి పెట్టరాదనీ వారి తర్కం.

రెండవ అభియోగం తంజావూరు బాణీ అభిమానులది. పాశ్చాత్యుల కమాను వాడకం వల్ల కర్ణాటక సంగీతంలోని బరువైన గమకం పలచబడిందని వారి ఆక్షేపణ. ఫిడేలు గాత్రాన్ని అక్షరం అక్షరం అనుసరించాలి గాని వాద్యానికి స్వంత సొగసు ఎందుకని కొందరి ప్రశ్న. రాజమాణిక్కం పిళ్ళై వాదనంలో గాత్రధర్మం అచ్చంగా కనబడుతుందని వారు ఉదాహరించేవారు. దీనికి ఆంధ్ర రసికులు చెప్పే జవాబు ఇది: ప్రతి స్వరాన్నీ ఊపడమే గమకం కాదు. ఏ స్వరాన్ని ఊపాలో, దేనిని కదలక నిలపాలో ఎరగడం గమకం. నిలిచిన స్వరంలో కూడా రాగం ఉంటుంది, నిలపగలిగినవాడుంటే. ఈ వాదంలో కొంత ప్రాంతాభిమానం కూడా కలిసి ఉండవచ్చు. మద్రాసులో తమిళ విద్వాంసుల మధ్య ఒక తెలుగు ఫిడేలు నిలబడడం ఆంధ్రులకు గర్వకారణంగా ఉండేది. అభిమానం ఎక్కడున్నదో అక్కడ తూకం కొంచెం ఒరగడం సహజం.

మూడవ అభియోగం వేగానికీ లెక్కలకూ సంబంధించినది. స్వరకల్పన వేళ చిక్కు లెక్కలు వేసి, మార్దంగికునితో ద్వంద్వయుద్ధం సాగించి, చివర ఒక దెబ్బతో సమానికి వచ్చి సభను లేపగల విద్వాంసులు అప్పుడున్నారు, ఇప్పుడూ ఉన్నారు. అటువంటి చోట నాయుడుగారి స్వరాలు సాదాగా కనబడేవి. నిండుకుండ తొణకదని అభిమానులు చెప్పుకొనేవారు. కాని సామెత సాక్ష్యం కాదు. ఖాళీ కుండ కూడా ఒకప్పుడు తొణకదు గదా అని ప్రతిపక్షులు నవ్వవచ్చు. కుండ నిండినదో, ఖాళీదో తెలిసేది దగ్గరకు పోయి చూచినప్పుడే. ఈ విషయంలో నమ్మదగిన సాక్షులు తోటి విద్వాంసులు. అరియక్కుడి రామానుజయ్యంగారు వంటి మహాగాయకుల ప్రక్కన నాయుడుగారు వాయించారు. గాయకుడు విడిచిన రాగాన్ని అందుకొని, దానిలోని సారాన్ని నాలుగు కమానులలో చెప్పి, తిరిగి వారి చేతికి అప్పగించడం పక్కవాద్య ధర్మం. అందులో మితం మర్యాద మాత్రమే కాదు, ఎదుటివాని పాటను శ్రద్ధగా విన్నామనడానికి అదే నిదర్శనం.

నీడగా ఉండడానికి ఒప్పుకొన్న ఈ మనిషే ఆ నీడకు స్వంత వేదికను సంపాదించాడు. 1938లో వెల్లూరులో నాయుడుగారు తొలిసారిగా పూర్తి సోలో కచేరీ చేశారు. గాయకుడు లేడు, నడుమ ఫిడేలే ఉన్నది. సాహిత్యం లేకుండా రెండు మూడు గంటలు ఫిడేలును వినే సహనం శ్రోతలకుంటుందా అన్నది అప్పటికి తీరని సందేహం. ఆ సందేహాన్ని తీర్చినవారిలో నాయుడుగారు ముఖ్యులు. ఫిడేలు ప్రధానవాద్యంగా నేడు మనం సహజంగా భావించే కచేరీ పద్ధతికి ఆయన వేసిన బాట పెద్దది. ఎన్నడూ ముందుకు తోసుకొనిరాని మనిషి ద్వారా ఆ వాద్యం ముందుకు వచ్చింది. ఇది గమనింపదగినది.

మరొక సంగతి. అదే 1938లో మద్రాసులో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైనది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. సభలలోను క్రమంగా మైకులు వెలసినవి. దానితో వెనుక వరుస సమస్య చాలవరకు తీరింది. ఫిడేలుకు మూరెడు దూరంలో ఒక యంత్రపు చెవి నిలిచి, సన్నని కమాను కదలికను కూడా ఊరూరికి మోసుకొనిపోయే కాలం వచ్చింది. నాలుగు తీగలతో ఊరుకొన్న విద్వాంసుని మొండితనం అప్పుడు దూరదృష్టివలె కనబడసాగింది. ఆయన దానిని ముందుగా ఊహించాడని చెప్పడానికి లేదు. తనకు తోచిన నాదాన్ని మార్చుకోలేదు, అంతే. కాలమే తిరిగి వచ్చి ఆయన ప్రక్కన కూర్చున్నది.

సన్మానాలు కూడా వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీత కళానిధి బిరుదమిచ్చింది. ఆ ముగ్గురు ఫిడేలు విద్వాంసులలోను అది ముందుగా దక్కింది నాయుడుగారికే. రాజమాణిక్కం పిళ్ళైగారికి 1948లో, చౌడయ్యగారికి 1957లో వచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1950లో కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1952లో ప్రపంచప్రఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యం విన్నాడు. ఆ వాద్యం పుట్టినింటి నుండి వచ్చిన అతిథి, మెట్టినింట అది ఏమి నేర్చుకొన్నదో స్వయంగా విన్నాడన్నమాట.

అదే సంవత్సరంలో నాయుడుగారు అంధుల సహాయనిధి కోసం కచేరీ చేశారు. బాల్యంలో అచ్చుతో పోరాడి ఓడిన మనిషి, చూపులేని ఒక బాలుని నిమిత్తంగా పుట్టిందని చెప్పే కళాశాలలో జీవితం గడిపి, యాభైతొమ్మిదవ ఏట తన విద్యను చూపులేనివారికి సమర్పించాడు. ఋణం తీర్చుకొనే పద్ధతులలో ఇది ఒకటి.

ఆయన తన పద్ధతిని సమర్థించుకొంటూ ప్రతిపక్షులకు జవాబులు వ్రాయలేదు. ఆయన వ్రాసిన వ్యాసమొకటి తంబురా విశిష్టతను గూర్చినది. ఇది యాదృచ్ఛికం కాదేమో. కచేరీలో తంబురా ఒక్కటే ఎన్నడూ తన వంతు అడగదు. దానికి ఆలాపన లేదు, స్వరకల్పన లేదు, చప్పట్లు లేవు. కాని అది ఆగిపోతే మిగిలినవారందరూ దారి తప్పుతారు. ఫిడేలు విద్వాంసుడు ఫిడేలును వదలి తంబురాను గూర్చి వ్రాశాడంటే, తన విలువలు ఏమిటో అందులోనే చెప్పుకొన్నాడు. వాదించేవారికి ఆయన ఇచ్చిన సమాధానం ఏదైనా ఉంటే అది ఆ వ్యాసమే.

ఉపాధ్యాయునిగా నాయుడుగారి ఫలం విస్తారమైనది. నూకల చినసత్యనారాయణగారు వంటి విద్వాంసులు విజయనగరంలో ఆయన వద్ద విద్య నేర్చినవారు. అన్నగారి సంతతిలోని ద్వారం నరసింగరావుగారు, కుమార్తె ద్వారం మంగతాయారుగారు మొదలైనవారి వల్ల ఆ బాణీ కుటుంబ సంపదగా కూడా నిలిచింది. పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడైన ఘంటసాల వెంకటేశ్వరరావు చదువుకొన్నది కూడా ఆ కళాశాలలోనే, నాయుడుగారు అధ్యక్షులుగా ఉన్న రోజులలోనే. తెలుగుదేశమంతటికీ తెలిసిన కంఠమొకటి ఆ ఆవరణలో దిద్దుకొన్నదన్న మాట ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినది. ఏ బడి గదిలో ఏ గొంతు ఉన్నదో ఎవరికి తెలుసు?

నాయుడుగారు 1964 నవంబరు 25వ తేదీన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియొక్క సంవత్సరాలు. మూడేండ్లకు చౌడయ్య, ఆరేండ్లకు రాజమాణిక్కం పిళ్ళై గతించారు. వాదానికి మూలమైన ముగ్గురూ పోయినా వాదం పోలేదు. 1993లో, శతజయంతి సందర్భంగా, భారత తపాలాశాఖ నాయుడుగారి పేర ఒక బిళ్ళను విడుదల చేసింది. బిళ్ళలు గౌరవాన్ని చెప్పగలవు, నాదాన్ని చెప్పలేవు.

నాదం మిగిలినది కొద్దిపాటి రికార్డులలో. పాతకాలపు గ్రామఫోను పలక ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషాలు మాత్రమే నడిచేది. గంటసేపు రాగాన్ని విస్తరించగల విద్వాంసుడు ఆ మూడు నిమిషాలలో తన మాట ముగించాలి. అనేకులకు అది సంకెలగా తోచింది. నాయుడుగారి మితభాషణకు ఆ ఇరుకు అంతగా బాధ పెట్టినట్లు వినబడదు. కాని నష్టం నష్టమే. ఆ పలకలపై గరగర శబ్దం ఉన్నది. సన్నబడి సన్నబడి నిశ్శబ్దంలో కలిసే కమాను చివరి అంచు ఆ గరగరలో మునిగిపోతుంది. గట్టినాదం రికార్డులో బ్రతికినంతగా మెత్తనినాదం బ్రతకదు. కనుక ఈనాటి శ్రోత నాయుడుగారిని తూచవలసివస్తే, త్రాసులో ఒక ప్రక్క కొంత బరువు ముందే పోయిందని గుర్తుంచుకోవాలి.

అయినా మిగిలినది తక్కువ కాదు. వెల్లూరు సభకు, విజయనగరం కళాశాలకు పోనక్కరలేకుండా ఆ మూడు నిమిషాల పలకలు నేడు చేతిలోని ఫోనులోనే వినబడుతున్నాయి. మాడుగులపల్లి దారిన మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పోయే ధాన్యపు లారీలు ఆగవు. అయినా ఆ దారి ప్రక్కని ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడు ఒకరు తలుపులు దగ్గరకు వేసి, ధ్వనిని పెంచక, ఆ పలకలలో ఒకదానిని వినిపించవచ్చు. మొదటి నిమిషం పిల్లలు కదులుతారు. రెండవ నిమిషం చెవులు సర్దుకొంటాయి. మూడవ నిమిషంలో గది తనంతట తానే నిశ్శబ్దమైతే, రసికుల ఆ పాత వాదానికి ఆ గది ఒక జవాబు చెప్పినట్లే. కాకపోతే ఏడుతీగల చౌడయ్యను కూడా వినిపించి, పిల్లలనే వాదించుకోనివ్వవచ్చు. వాదించాలంటే ముందు వినాలి. వినడం నేర్చిన పిల్లవాడు ఏ పక్షం వహించినా నష్టం లేదు.

తరగతిలో చేయి పైకెత్తి అరిచేవాడు ఎట్లాగూ కనబడతాడు. వెనుక బల్ల మీద, నల్లబల్ల సరిగా కానరాక, మాటాడక కూర్చున్నవాడు ఒకడుంటాడు. విశాఖపట్నంలో ఒక బడి అటువంటి పిల్లవానిని ఒకప్పుడు పోగొట్టుకొన్నది. ఇంట్లో ఒక అన్న ఉండబట్టి దేశానికి దక్కాడు. అన్న లేని పిల్లల సంగతి ఎవరు చూడాలి?